పల్నాటి పెళ్లిలో రెండు ఫ్రెంచి కుర్చీలు

నరసరావుపేటలో ముహూర్తాల రోజుల్లో ఏ కల్యాణ మండపంలోకి తొంగిచూసినా రెండు రకాల కుర్చీలు కనిపిస్తాయి. వేదిక మీద వధూవరులు కూర్చునేది ఒకటి. బంగారు రంగు చెక్కడం, ఎర్ర మఖమలు, వంకర తిరిగిన కాళ్లు, వీపు పైన ఆకులూ పువ్వులూ. అద్దెకిచ్చేవాళ్లు దాన్ని మహారాజా కుర్చీ అంటారు, సింహాసనం అంటారు. వేదిక కింద చుట్టపక్కాలు కూర్చునేది రెండోది. తెల్లదో ఎర్రదో ప్లాస్టిక్ కుర్చీ, వెనకాల పెయింటుతో సప్లయర్స్ పేరు రాసి ఉంటుంది. మొదటిది మన రాజుల కాలం నాటి సొమ్మనుకుంటాం. రెండోది ఏ బొంబాయిలోనో పుట్టిన చవక సరుకనుకుంటాం. రెండూ నిజం కాదు. రెండింటి పుట్టిల్లూ ఫ్రాన్సే. మొదటిది 18వ శతాబ్దపు పారిస్ వడ్రంగుల పనితనానికి నకలు. రెండోది 1972లో అదే దేశంలో ఒక చిన్న ఊళ్లో అచ్చులోంచి ఊడిపడింది. నలగామరాజైనా, కొండవీటి రెడ్డిరాజులైనా సినిమాల్లో ఎలా కూర్చున్నా సరే, ఆ వంకర కాళ్ల బంగారు కుర్చీ వాళ్ల కాలానికి పుట్టనే లేదు.

ఫ్రెంచి రాజుల వెర్సాయ్ కోటలో కుర్చీ అంటే ముందు హోదా, ఆ తర్వాతే సుఖం. పద్నాలుగో లూయీ కొలువులో చేతులున్న కుర్చీ రాజుకీ, రాణికీ, వాళ్లకు సాటి అనుకున్నవాళ్లకీ మాత్రమే. రాజుగారి సమక్షంలో డచెస్ హోదా ఉన్న ఆడవాళ్లకు వీపూ చేతులూ లేని చిన్న పీట దక్కేది. ఆ పీట మీద హక్కు కోసం పెద్ద పెద్ద కుటుంబాలు పైరవీలు చేసేవి, అలకలు పూనేవి. తక్కిన కొలువంతా నిలబడటమే.

పల్నాడువాళ్లకు ఇందులో వింతేం లేదు. ఒకప్పుడు ఊళ్లో కుర్చీలున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండేవి. కరణం గారింట్లో ఒకటి, మునసబు గారింట్లో ఒకటి, బళ్లో మేష్టారికి ఒకటి. తాసిల్దారు వస్తే వాటిలో ఒకదాన్ని మోసుకొచ్చి చెట్టు కింద వేసేవాళ్లు. మిగతా జనం అరుగు అంచున, లేదంటే గొంతుక్కూర్చోవడం. నులకమంచం మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరిని చూసి ఎవరు లేచి నిలబడాలో ఒకరు చెప్పాల్సిన పని లేదు. మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడనే సంగతిని పల్నాటి వీరకథ ఇన్ని వందల ఏళ్లు మోసుకొచ్చిందంటే ఊరికే కాదు. అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టడం ఈ నేల మీద కోడిపందెం కన్నా, ఆ తర్వాతి యుద్ధం కన్నా తక్కువ వార్తేమీ కాదు.

సరే, పారిస్ సంగతికొద్దాం. ఆ కుర్చీలు చేసినవాళ్లెవరికీ వాటిలో కూర్చునే యోగం లేదు. అక్కడ వడ్రంగం రెండు పాయలు. పల్చటి రంగుచెక్కలు అతికి బీరువాలూ బల్లలూ చేసేవాళ్లు ఒక పాయ, గట్టి చెక్క కోసి తొలిచి కుర్చీ చట్రాలు బిగించేవాళ్లు రెండో పాయ. సంఘం ఒకటే, పని వేరు. కుర్చీ వడ్రంగి చేతిలో చట్రం తయారయ్యాక పూలూ లతలూ చెక్కడానికి శిల్పి దగ్గరికి పోయేది. అక్కణ్నుంచి బంగారు పూతవాడి దగ్గరికి. చివరికి గుర్రపు వెంట్రుకలు కూరి పట్టుగుడ్డ బిగించేవాడి దగ్గరికి. చాలాసార్లు గిరాకీతో బేరమాడేదీ, డబ్బు కళ్లజూసేదీ ఈ ఆఖరి మనిషే. పట్టుగుడ్డ ఖరీదు ముందు చట్రం కూలి ఏ మూలకీ రాదు. ఇంత పనీ ఎలా జరిగేదో మనకు వివరంగా తెలియడానికి కారణం ఆంద్రే రూబో అనే మనిషి. వడ్రంగి కొడుకు, తనూ వడ్రంగే. 1769 నుంచి 1775 దాకా తన వృత్తి మొత్తాన్నీ కొలతలతో, బొమ్మలతో సంపుటాలుగా అచ్చువేయించాడు. చేతిపని రహస్యాలను దాచుకునే రోజుల్లో ఇది మామూలు సాహసం కాదు.

ఆ వంకర కాలు ఎలా వస్తుందో చూడండి. చెక్కను వంచరు. మందపాటి బీచ్ లేదా వాల్‌నట్ పలక మీద నమూనా పెట్టి గీసుకుని, సన్నటి రంపంతో వంపు వెంబడే కోస్తారు. చెక్కలో నార నిలువుగా పోతుంది, కాలు మాత్రం వంకరగా పోతుంది. నార తెగిన చోట కాలు విరుగుతుంది. కాబట్టి ఏ పలకలో ఏ వంపు పడుతుందో చూసి ఎంచుకోవడంలోనే సగం పనితనం. ఆ తర్వాత ఒక చెక్కలో తొలిచిన గాడిలోకి రెండో చెక్క కొసను దిగేసి, అడ్డంగా చెక్క మేకు కొడతారు. ఇనుప మేకు జోలికి పోరు. చట్రం వదులైతే మేకు తీసి మళ్లీ బిగించవచ్చు. రెండొందల యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ కుర్చీలు నిలబడి ఉన్నాయంటే అందుకే.

బంగారం పనిలో ఇంకో విశేషం ఉంది. చెక్క మీద బంగారు రేకు నేరుగా నిలవదు. మెత్తగా నూరిన సుద్దను తోలు జిగురులో కలిపి, వెచ్చవెచ్చగా పది పన్నెండు పూతలు వేస్తారు. ఆ మందానికి శిల్పి చెక్కిన గీతలన్నీ పూడుకుపోతాయి. అందుకని ఆరిన తర్వాత సన్న ఉలులతో మళ్లీ ఒకసారి, ఈసారి సుద్దలో, ఆ ఆకుల ఈనెలన్నీ చెక్కుతారు. దానిపైన ఎర్ర బంకమట్టి పూత, ఆపైన ఊపిరి తగిలితే ఎగిరిపోయే రేకు, చివర్లో నున్నటి అకీకు రాయితో మెరుగు. మనం బంగారు కుర్చీ అనుకునేది పైకి కనిపించేంత వరకూ సుద్ద కుర్చీయే. ఆ సుద్ద కాల్షియం కార్బొనేట్. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చి సున్నం చేసే రాయిదీ అదే రసాయనం. ఈ పదార్థాన్ని కాస్త గుర్తుంచుకోండి, ప్లాస్టిక్ కుర్చీ దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

పారిస్ సంఘం 1743లో కొత్త కట్టుబాటు రాసుకుంది, 1751 నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రతి వడ్రంగీ తన పేరున్న ఇనుప ముద్రను చట్రం కింద కొట్టాలి. పని నాసిరకమైతే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు వేలంపాటల్లో ధర పలికేది ఆ ముద్రే. వాటిలో ఎక్కువ మంది వెతికే పేరు జోర్జ్ జాకోబ్. బుర్గుండీ పల్లెటూళ్లో 1739లో పుట్టి, పారిస్ చేరి 1765లో మాస్టర్ హోదా సంపాదించాడు. రాణి మారీ ఆంత్వానెత్‌కు కుర్చీలు చేశాడు. 1789లో విప్లవం వచ్చి, ఆ తర్వాత ఆయన గిరాకీల తలలు తెగుతుంటే చిత్రకారుడు దవీద్ స్నేహం ఆయన్ను కాపాడింది. రాణి కోసం తిప్పిన ఉలితోనే విప్లవ ప్రభుత్వానికి ఆసనాలు చేసిపెట్టాడు. ఆయన కొడుకు నెపోలియన్‌కు చేశాడు. కుర్చీ ఎక్కేవాళ్లు మారుతుంటారు గాని చేసేవాడు మారక్కర్లేదన్నమాట. కాకపోతే బాకీలు వసూలు కాక 1813లో ఆ సంస్థ దివాలా తీసింది. రాజులకు అప్పిచ్చినవాళ్ల గతి ఎక్కడైనా అంతే.

1793 ఆగస్టు నుంచి ఏడాది పాటు వెర్సాయ్ సామాను వేలం వేశారు. 17 వేలకు పైగా లాట్లు. రాజు కూర్చున్న కుర్చీలు ఎవరెవరి ఇళ్లకో చేరాయి. వాటిని ఒక్కొక్కటీ వెతికి తిరిగి కొనుక్కోవడం ఇప్పుడు మ్యూజియమైన ఆ కోటకు ఇవాళ్టికీ తీరని పని. ఆ ఆత్రం మీద కన్నేసినవాళ్లూ లేకపోలేదు. వెర్సాయ్ వాళ్లు కొన్న కుర్చీల్లో కొన్ని నకిలీలని 2016లో బయటపడి ఫ్రాన్సంతా గగ్గోలైంది. చేయించినాయన ఆ కాలపు కుర్చీల మీద ప్రామాణికమని పేరున్న నిపుణుడు, చేసినాయన పేరుమోసిన కళాకారుడు. పాత చెక్క సంపాదించి, పాత పద్ధతిలోనే చెక్కి, పూతపూసి, ముద్ర కూడా కొట్టారు. 2025లో కోర్టు శిక్ష వేసింది. నాకైతే ఈ కథలో నచ్చిన సంగతి ఒకటుంది. 18వ శతాబ్దపు పని ఇప్పటికీ చేయగలిగిన చేతులున్నాయని ఆ నేరమే రుజువు చేసింది.

ఫ్రెంచివాళ్లు మనకేమీ కొత్తవాళ్లు కారు. ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉన్న కొండవీడు 1752 ప్రాంతంలో వాళ్ల చేతికొచ్చింది. దక్కనులో ఫ్రెంచి సేనాని బుస్సీ చక్రం తిప్పుతున్న కాలమది. సరిగ్గా అవే ఏళ్లలో పారిస్‌లో తిల్యార్, ఫోల్యో కుటుంబాల వడ్రంగులు పదిహేనో లూయీ కోసం కుర్చీలు చేస్తున్నారు. అయితే ఇక్కడ వాళ్ల అధికారం ఏడేళ్లకు మించి సాగలేదు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టుకోవడంతో యానాం లాంటి తునకలు తప్ప వాళ్లకు మిగిలింది లేదు. బంగారు కుర్చీ ఆ దారిన రాలేదు. 19వ శతాబ్దంలో ఐరోపా అంతా లూయీల కాలపు నకళ్లు తయారు చేసి అమ్ముకుంది. వాటిని నిజాం దర్బారు పెద్దలూ, జమీందార్లూ ఓడల్లో తెప్పించుకున్నారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచి సామానుకు ప్రత్యేకంగా గది ఉంది. పదహారో లూయీ టిప్పు సుల్తానుకు పంపాడని చెప్పే దంతపు కుర్చీలూ అక్కడే ఉన్నాయి. జమీందారు హాల్లోంచి సినిమా సెట్టుకూ, సెట్టులోంచి పెళ్లి వేదికకూ రావడం ఆ తర్వాతి కథ. వేదిక మీది కుర్చీలో నార చూసి కోసిన కాలు లేదు, సుద్ద పూతలు లేవు, బంగారం అసలే లేదు. చవక చెక్కో ఫైబరో, పైన ఇత్తడి రంగు స్ప్రే. అయితేనేం, వంపులు మాత్రం రూబో గీసినవే. దాని కింద ఎవరి దొంగ ముద్రా ఉండదు కాబట్టి వెర్సాయ్ నకిలీల కన్నా అది నిజాయితీ గలది.

ఇక రెండో కుర్చీ. దీని కథ ఏనుగు దంతంతో మొదలవుతుంది. 19వ శతాబ్దంలో బిలియర్డ్స్ బంతులకు దంతం కావాలి, దంతం ప్రియమైపోయింది. దానికి బదులుగా అమెరికాలో జాన్ హయట్ సెల్యులాయిడ్ అనే పదార్థాన్ని పనిలోకి తెచ్చాడు. దాన్ని కరిగించి అచ్చులోకి ఒత్తిడితో నెట్టే యంత్రానికి 1872లో హయట్ అన్నదమ్ములిద్దరూ పేటెంట్ తీసుకున్నారు. ఈరోజు ప్రపంచంలో బకెట్టు మూత నుంచి కారు బంపరు దాకా తయారు చేసే ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రానికి అదే మూలపురుషుడు.

అదే కాలంలో ఫ్రాన్సు తూర్పున కొండల మధ్య ఒయొనా అనే ఊరుంది. అక్కడివాళ్ల కులవృత్తి లాంటిది దువ్వెనలు చేయడం. మొదట చెక్కతో, తర్వాత కొమ్ముతో. కొమ్మును వేడిచేసి మెత్తబరచి, అదిమి, ఆకారం తెచ్చి కొయ్యడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కాబట్టి సెల్యులాయిడ్ వచ్చినప్పుడు మిగతా ఊళ్లు బెదిరినా వీళ్లు బెదరలేదు, అది వాళ్లకు కొత్తరకం కొమ్ము మాత్రమే. మధ్యలో ఆడవాళ్లు జుట్టు పొట్టిగా కత్తిరించుకునే ఫ్యాషన్ వచ్చి దువ్వెనల బేరం పడిపోయింది. ఊరు కళ్లజోళ్లకూ, బొమ్మలకూ, గృహోపకరణాలకూ మళ్లింది. ఇప్పుడు ఆ ప్రాంతానికి ప్లాస్టిక్ లోయ అని పేరు. పారిస్ వడ్రంగుల సంఘాలను విప్లవం 1791లో రద్దుచేసింది గాని, ఒక ఊరు ఒక పదార్థం గుణం తరతరాలుగా ఎరిగి ఉండటమనేది ఏ చట్టంతోనూ రద్దయ్యేది కాదు.

పదార్థం కూడా మారాలి కదా. 1954లో ఇటలీలో జూలియో నట్టా పాలీప్రొపిలీన్ తయారు చేశాడు. ముడిచమురు శుద్ధిలో వచ్చే ప్రొపిలీన్ వాయువు అణువులను ఒకదానికొకటి తగిలించి, అన్నిటి కొమ్మలూ ఒకే వైపుకు ఉండేలా పేర్చిన గొలుసు అది. అలా క్రమంగా పేర్చబట్టే అది గట్టిగా ఉంటుంది. నీళ్ల కన్నా తేలిక, చవక. నట్టాకూ, దారి చూపిన జర్మన్ కార్ల్ త్సీగ్లర్‌కూ 1963లో నోబెల్ వచ్చింది. అదే ఏడు ఇంగ్లండులో రాబిన్ డే ఈ ప్లాస్టిక్‌తో కుర్చీ డొప్ప చేశాడు, కాళ్లు మాత్రం ఇనుపవి. జర్మనీలో హెల్మూట్ బెట్స్‌నర్ 1966లో కాళ్లతో సహా ఒకే ముక్కగా గాజునార కుర్చీ అచ్చుపోశాడు, ఒక్కోదానికి అయిదు నిమిషాలు పట్టేది. అందరూ అంచు దాకా వచ్చినవాళ్లే.   

ఒయొనాకు దగ్గర్లోనే న్యూరియో అనే ఊళ్లో ఆన్రీ మాసొనే అనే ఇంజినీరు ప్లాస్టిక్ కర్మాగారం నడిపేవాడు. చేపలు పట్టుకునేవాళ్లు కూర్చోవడానికని 1968లో ముక్కలుగా ఊడదీసుకునే ఒక స్టూలు చేశాడు. సినిమా తార బ్రిజిత్ బార్దో దాని మీద కూర్చున్న ఫొటో పడేసరికి లక్షల్లో అమ్ముడుపోయింది. 1972లో ఆయన చేతులూ కాళ్లూ వీపూ అన్నీ కలిపి ఒక్క దెబ్బలో అచ్చుపోసే కుర్చీ తెచ్చాడు. పేరు పెద్ద ఆడంబరంగా ఏమీ పెట్టలేదు, చేతుల కుర్చీ 300 అన్నాడు. ఒక్కోటి రెండు నిమిషాల లోపే తయారయ్యేది. విశేషమేమిటంటే పేటెంట్ తీసుకోలేదు. 1980ల్లో అదే లోయలోని గ్రోఫిలెక్స్ కంపెనీ దాన్ని తోట కుర్చీగా మార్చి వెల్లువలా వదిలింది. ఆ తర్వాత ఎవరికి మౌల్డ్ దొరికితే వాళ్లు చేశారు. మన దేశంలో 1990ల నుంచీ నీల్‌కమల్ లాంటి కంపెనీలు అందుకున్నాయి. ఇప్పుడు ప్రపంచంలో వంద కోట్లకు పైనే ఉంటాయని అంచనా. ఏ దేశంలో తీసిన ఫొటోనో గుర్తుపట్టడానికి మాత్రం ఈ కుర్చీ పనికిరాదు, అన్ని చోట్లా అదే.

వెర్సాయ్‌లో ఏ చేతుల కోసం కొట్టుకు చచ్చారో, ఆ చేతులతో సహా కుర్చీ ఇప్పుడు గురజాల సంతలో దొరుకుతుంది. పంచాయితీకి వచ్చిన ఆసామికీ, అతని దగ్గర కౌలుకు చేసేవాడికీ ఒకే రకం కుర్చీ వేస్తున్నారు. దీనివల్ల హోదాలు పోయాయని నేనను. కొన్నిచోట్ల ముందు వరసకు తెల్లగుడ్డ తొడుగులొచ్చాయి, పెద్దమనుషులకు సోఫాలొచ్చాయి. కాని కుర్చీ లేదు కాబట్టి నిలబడు అనే సాకు పోయింది. అది చిన్న సంగతి కాదు. సభ రసాభాస అయితే ముందుగా గాల్లోకి లేచేదీ ఇదే, ఎత్తితే రెండున్నర మూడు కిలోలేగా.

ఈ కుర్చీ చేసే యంత్రం మాత్రం తేలికది కాదు. ముత్యాల్లాంటి ప్లాస్టిక్ గింజలను, వ్యాపారంలో దానా అంటారు, తొట్టిలో పోస్తారు. వేడి గొట్టంలో పెద్ద మరమేకు తిరుగుతూ వాటిని నలిపి, 220 డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి, ముద్దను ముందుకు నెడుతుంది. ఎదురుగా ఉక్కు మౌల్డ్, రెండు చెక్కలు, కొన్ని టన్నుల బరువు. లోపల ముద్ద తోసే ఒత్తిడికి ఆ చెక్కలు విడిపోకుండా వెయ్యి టన్నులకు అటూ ఇటూ బలంతో యంత్రం వాటిని అదిమిపట్టి ఉంచుతుంది. ముద్ద కాళ్ల కొసల దాకా పారుతుంది. మౌల్డ్ గోడల్లో చన్నీళ్లు తిరుగుతూ చల్లారుస్తాయి. తెరిచేసరికి కుర్చీ. ఇప్పుడు నిమిషం లోపే. పారిస్‌లో నలుగురు పనివాళ్లు నెలల తరబడి పంచుకున్న పనిని ఇక్కడ మౌల్డ్ చేసిన ఒక్కడు ముందే చేసిపెట్టేశాడు. ఆ మౌల్డ్ ఖరీదు లక్షల్లో ఉంటుంది. దాన్ని లక్షల కుర్చీల మీద పంచితేనే ఒక్కోటి వందల్లోకి దిగుతుంది.

ఒక ప్లాస్టిక్ కుర్చీని బోర్లా తిప్పి చూడండి. సీటు అడుగున, ఇంచుమించు మధ్యలో, చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది. కరిగిన ముద్ద లోపలికి దిగిన చోటు అది, కుర్చీ బొడ్డు అనుకోవచ్చు. ఆ చుట్టూ సన్నటి పట్టీలు. సీటు మందం మూడు నాలుగు మిల్లీమీటర్లే, మందం పెంచితే ఖర్చూ పెరుగుతుంది, చల్లారడానికి సమయమూ పడుతుంది. అందుకని మందం పెంచకుండా బిగువు తేవడానికి పట్టీలు, మడతలు. తాటాకు మడత పెడితే విసనకర్రగా నిలబడుతుంది, సాపుగా ఉంటే వాలిపోతుంది, అదే సూత్రం. కాళ్లు కూడా గుండ్రంగా ఉండవు. ఇనుప యాంగిల్ మాదిరి మూల తిరిగి ఉంటాయి. చేయి పట్టీ ఊరికే మోచెయ్యి ఆనించడానికి కాదు, వెనక్కి వాలినప్పుడు వీపు మీద పడే బరువును ముందు కాలికి పంచుతుంది. కాళ్లు కిందికి పోయేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. అలా లేకపోతే మౌల్డ్ తెరిచినప్పుడు కుర్చీ ఊడిరాదు. ఆ ఏటవాలే ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చడానికీ పనికొచ్చింది. చిన్న ట్రక్కులో పెళ్లి మొత్తానికి సరిపడా కుర్చీలు పట్టేది ఆ ఏటవాలు పుణ్యమే.

ఈ బిగువు మీద నమ్మకంతోనే అమెరికా ఇంజినీరు డాన్ షూన్‌డార్ఫర్ ఇదే తెల్ల కుర్చీకి ఇనుప చట్రం, సైకిలు చక్రాలు తగిలించి పేదవాళ్లకు చక్రాల కుర్చీ చేశాడు. 2001లో మొదటి నాలుగింటిని పట్టుకుని మన దేశానికే వచ్చాడు. ఆయన పెట్టిన సంస్థ ఇప్పటికి 90కి పైగా దేశాల్లో పది లక్షలకు మించి పంచింది. ఇటు స్విట్జర్లాండులో బాసెల్ నగరం మాత్రం 2008 నుంచి దాదాపు తొమ్మిదేళ్లు వీధుల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేయకూడదని నిషేధించింది. ఊరి అందం చెడుతుందట. దగ్గర్లోని వీట్రా డిజైన్ మ్యూజియంలో 2017లో అదే కుర్చీ మీద ప్రదర్శన పెట్టారు. ఎవరి దృష్టి వారిది.

దీనికి మన దగ్గర పెద్ద శత్రువు రెంటచింతల ఎండ. ఆంధ్రప్రదేశ్‌లో వేసవి వేడి అనగానే వార్తల్లో వినపడే ఊరది. పాలీప్రొపిలీన్ గొలుసులో ప్రతి కొమ్మ దగ్గరా ఒక హైడ్రోజన్ పరమాణువు కాస్త వదులుగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణం, గాలిలోని ఆక్సిజన్ కలిసి అక్కడ దెబ్బతీస్తాయి. ఒక హైడ్రోజన్ పోయిందంటే ఆ చోట గొలుసు తెగుతుంది. తెగిన ముక్క పక్క గొలుసు మీద పడుతుంది, అది ఇంకోదాని మీద. వేడి పెరిగేకొద్దీ ఈ పని వేగం పెరుగుతుంది. ముందు రంగు వెలుస్తుంది. తర్వాత వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుతుంది. ఆ దశలో కుర్చీ చూడటానికి బాగానే ఉంటుంది, బరువైన మనిషి వెనక్కి వాలి ముందు కాళ్లు లేపాడంటే మాత్రం వెనక కాలు సీటుతో కలిసే చోట ఫట్‌మంటుంది. మంచి కంపెనీలు ఈ దెబ్బ కాయడానికి దానాలో కొన్ని రసాయనాలు కలుపుతాయి. తెగిన కొసలను అవి పట్టుకుని, పక్కదాని మీద పడకుండా ఆపుతాయి. అవి ఖరీదు. చవక కుర్చీలో తగ్గేది ముందు అవే.

చవక కుర్చీలో పెరిగేది మరొకటి. మెత్తటి సుద్దపొడి, అదే కాల్షియం కార్బొనేట్. ప్లాస్టిక్ కన్నా చాలా చవక. తగిన పాళ్లలో కలిపితే కుర్చీ బిగువుగా ఉంటుంది, తప్పేం లేదు. పాళ్లు మించితే గొలుసులు ఒకదానికొకటి చిక్కుపడే చోటు తగ్గి పెళుసైపోతుంది. కొట్టులో పరీక్ష తేలికే. అదే సైజు కుర్చీ చేతికి బరువుగా తోస్తే గట్టిదనుకోకండి, సుద్ద ఎక్కువైందేమో చూడండి. సుద్ద ప్లాస్టిక్ కన్నా మూడింతలు బరువు. వీపుకు ఉన్న చీలికల చుట్టూ చెయ్యి పెట్టి తడిమి చూడండి. కరిగిన ముద్ద చీలికకు రెండు పక్కలా పారి మళ్లీ కలిసే చోట సన్నటి గీత ఉంటుంది. అతుకు బాగా కలవకపోతే పగులు అక్కడే మొదలవుతుంది. నున్నటి నాపరాళ్ల మీద వేసి కూర్చున్నప్పుడు కాళ్లు పక్కలకు జారుతూ పోయాయంటే పట్టీలు పల్చన. మే నెల వేడిలో ఇంకా పల్చబడతాయి, ఎందుకంటే ఈ ప్లాస్టిక్ ఎప్పుడూ నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది.

విరిగితే బాగుచేసే పనివాడు దీనికి లేడు. పాలీప్రొపిలీన్‌కు మామూలు జిగురు ఏదీ పట్టదు, దాని పైపొర దేన్నీ అంటనివ్వదు. అందుకని ఇళ్లల్లో మేకు ఎర్రగా కాల్చి పగులుకు అటూ ఇటూ బెజ్జాలు పెట్టి, రాగి తీగతో కుడతారు. ఆ కుట్టు ఇంకో వేసవి దాకా ఆగుతుంది. తర్వాత వీధిలోకి పాత సామాన్లవాడు వస్తాడు. తూకానికి ఇంత, లేదంటే ఉల్లిపాయలు. మరలో పడి ముక్కలై, కరిగి మళ్లీ దానా అవుతుంది. కరిగిన ప్రతిసారీ గొలుసులు ఇంకొంచెం పొట్టివవుతాయి. రకరకాల రంగులు కలిసి ఏ రంగో తెలియని బురద రంగు వస్తుంది కాబట్టి అందులో మసి కలిపి నల్లగా చేస్తారు. బకెట్లు, మొక్కల కుండీలు, ఒక్కోసారి నల్ల కుర్చీలే. ఎండను ఆపడంలో మసిని మించిన మందు లేదు, కాబట్టి రంగు వెలవడంలో ఆ నల్ల కుర్చీ కొత్తదాని కన్నా గట్టిది. బరువు దగ్గర మాత్రం పొట్టి గొలుసులు మోసం చేస్తాయి. మాచర్ల దారిలో ఏ టీ కొట్టు ముందైనా అలాంటిది వేస్తే, వెనక్కి వాలకుండా టీ తాగి లేవండి.